కోడలి తరఫున కోర్టుకెళ్తే కొడుకు జైలుకెళ్తాడా?

ప్రశ్న:

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమెకు 61 ఏళ్ళు. భర్త రైల్వేలో పనిచేసి చనిపోయారు. ఫ్యామిలీ పింఛను వస్తుంది. పెద్ద కూతురు గుంటూరులో, చిన్న కూతురు విజయవాడలోనే ఉంటున్నారు. కొడుక్కి తొమ్మిదేళ్ళ క్రితం తెనాలిలో పెళ్ళి చేశారు. కోడలు కాపురానికి వచ్చింది ఈమె ఇంటికే, ఇప్పటికీ అక్కడే ఉంది. ఏడేళ్ళ పాప. రెండేళ్ళ క్రితం కొడుకు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగమని హైదరాబాద్ వెళ్ళాడు. ఇల్లు చూశాక తీసుకెళ్తానన్నాడు. ఆర్నెల్లు డబ్బు పంపి ఆపేశాడు. అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. కోడలు బీసెంట్ రోడ్డులో చీరల షాపులో పనిచేస్తోంది. నెలకు పదకొండు వేలు. ఆమెకు తండ్రి లేడు. అన్న “నువ్వొక్కదానివే అయితే రా” అన్నాడట.

సంక్రాంతికి కొడుకు కాగితాలు పట్టుకుని వచ్చాడు. రెండు లక్షలిస్తాను, ఇద్దరి ఇష్టప్రకారం విడాకులని సంతకం పెట్టమన్నాడు. పెట్టకపోతే హైదరాబాద్ కోర్టులో వేస్తాను, వాయిదాలకు తిరగలేక మీరే దారికొస్తారన్నాడు. తల్లితో మాత్రం, “పెద్దవాళ్ళ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టు, దాన్ని ఇంట్లోంచి పంపించేస్తారు, తర్వాత ఇల్లు అమ్మి నిన్ను నా దగ్గర పెట్టుకుంటా” అన్నాడు. పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు, ఏమీ తేలలేదు.

అత్తాకోడళ్ళిద్దరూ పోలీస్ స్టేషన్‌కి వెళితే “ఇది మా పరిధి కాదు, కోర్టుకెళ్ళండి” అన్నారు. కోర్టుకెళితే “లాయర్‌ని పెట్టుకుని రండి” అన్నారు. గేటు దగ్గర ఒకాయన నలభై వేలవుతుంది, సగం ముందివ్వాలన్నాడు. తిరిగొచ్చేశారు. “వాడు నా కొడుకే, జైలుకి పంపాలని లేదు. ఇదీ నా ఇంటి పిల్లే, వీధిలో పెట్టాలని లేదు” అని రాశారు. అడిగినవి ఇవి: డబ్బు లేకుండా లాయర్ దొరుకుతారా? కేసు వేస్తే కొడుకుని లోపలేస్తారా? ఆ కాగితాల మీద సంతకం పెట్టొచ్చా? నా పేరున ఉన్న ఇల్లు గొడవల్లో పడుతుందా? నేను కోడలి వైపు సాక్ష్యం చెప్పొచ్చా?

జవాబు:

అమ్మా, మీరు అడిగినవి ఐదు ప్రశ్నలు. వాటి వెనకున్న భయం మాత్రం ఒకటే. కోర్టు అంటే కేసు, కేసు అంటే పోలీసులు, పోలీసులంటే జైలు. మనం మాట్లాడేటప్పుడు ఇవన్నీ ఒకటిగా కలిసిపోయాయి. చట్టంలో మాత్రం ఇవి వేరువేరు దారులు. కాబట్టి మీ రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను.

భార్యాబిడ్డల్ని పోషించడం మానేసిన మనిషి మీద వేసేది మనోవర్తి పిటిషన్. ఇన్నేళ్ళూ దీన్ని 125 సెక్షన్ అనేవాళ్ళు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో, ఇది 144వ సెక్షన్ అయింది. కోర్టు దగ్గర ‘ఎంసీ’ (మెయింటెనెన్స్ కేసు) అంటే అర్థమవుతుంది. ఇందులో ఎఫ్ఐఆర్ ఉండదు, పోలీసులు ఇంటికి రారు. కోర్టు మీ అబ్బాయికి నోటీసు పంపి, అతని సంపాదన ఎంతో తేల్చి, నెలకు ఇంత కట్టమంటుంది. విజయవాడలో ఫ్యామిలీ కోర్టు ఉంది కాబట్టి పిటిషన్ అక్కడే వేయాలి. అతను హైదరాబాద్‌లో ఉన్నా సరే, భార్య ఉంటున్న ఊళ్ళో వేసుకోవచ్చు. జైలు మాట అసలు రాదా అంటే వస్తుంది, మీ దగ్గర దాచను. ఆర్డరు వచ్చాక కూడా డబ్బు కట్టకుండా కూర్చుంటే వారంటు ఇవ్వొచ్చు, ఒక్కో నెల బకాయికి నెలదాకా జైలు వేయొచ్చు. అంటే కూతురి అన్నానికి డబ్బు కట్టమని జడ్జి చెప్పినా కట్టనన్నవాడికే ఆ గతి. దానికి మీరుగానీ మీ కోడలుగానీ బాధ్యులు కారు.

రెండోది 2005 నాటి గృహహింస చట్టం. దీని కింద వేసేదాన్ని ‘డీవీసీ’ (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) అంటారు. కొడితేనే ఇది వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. ఇంటిఖర్చుకు డబ్బు ఆపేయడం, భార్య నగలు తాకట్టు పెట్టేసుకోవడం కూడా ఈ చట్టం లెక్కలో హింసే. మెజిస్ట్రేట్ దగ్గర నేరుగా వేయొచ్చు, లేదా మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉండే రక్షణ అధికారి ద్వారా వేయొచ్చు. ఇల్లు ఖాళీ చేయించకుండా ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, నగలు వెనక్కి ఇప్పించడం, పాపను తల్లి దగ్గరే ఉంచడం, ఇవన్నీ ఒకే దరఖాస్తులో అడగొచ్చు. దీనికీ అరెస్టు లేదు. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే మాత్రం ఏడాదిదాకా జైలుగానీ, 20 వేలదాకా జరిమానాగానీ, రెండూగానీ పడొచ్చు.

మీరు భయపడుతున్నది మూడోదాని గురించి. భర్తగానీ అతని బంధువులుగానీ భార్యను క్రూరంగా హింసిస్తే పెట్టే కేసు అది. పాత 498ఏ, ఇప్పటి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 85వ సెక్షన్. అది పోలీసు కేసు, మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. అందులో కూడా 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత, ఫిర్యాదు అందగానే అరెస్టు చేసుకుపోవడం కుదరదు. ముందు నోటీసిచ్చి పిలవాలి, అరెస్టు చేయాలంటే కారణం రాయాలి. మీ ఉత్తరంలో అతను కొట్టినట్టుగానీ, కట్నం కోసం పీడించినట్టుగానీ ఒక్క ముక్క లేదు. నిజంగా లేకపోతే ఆ కేసు జోలికి పోనక్కర్లేదు. “ఇది కూడా కలిపితే దెబ్బకి దిగొస్తాడు” అనే సలహాదారులు కోర్టు దగ్గర చాలామంది తగులుతారు. వినొద్దు. అబద్ధం ఒకటి చేరితే పక్కనున్న నిజాన్ని కూడా జడ్జి అనుమానంగానే చూస్తారు. కానీ ఒక్కమాట. అత్తగారి ముందు ఏ కోడలూ అన్నీ చెప్పదు, ఎంత మంచి అత్తగారైనా సరే. ఆ అమ్మాయిని ఒంటరిగా ఒక కౌన్సెలర్‌తో మాట్లాడనివ్వండి. 181కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న సఖి కేంద్రం ఎక్కడో చెబుతారు. అక్కడ కౌన్సెలింగ్, న్యాయ సలహా, అవసరమైతే కొద్దిరోజులు ఉండటానికి చోటు, అన్నీ ఉచితం. ఆమె చెప్పేదాన్నిబట్టి అప్పుడు ఆలోచించుకోవచ్చు.

రెండో పెళ్ళి కేసు పెట్టమని పక్కింటివాళ్ళు అంటున్నారని కూడా రాశారు. మొదటి పెళ్ళి ఉండగా ఇంకో పెళ్ళి చేసుకోవడం నేరమే. కానీ ఆ పెళ్ళి తంతు జరిగిందని రుజువు చేయాలి. కలిసి ఉంటున్నారన్నంత మాత్రాన అది ఆ నేరం కిందికి రాదు. వివాహేతర సంబంధం 2018 నుంచి నేరమే కాదు. విడాకులు అడగడానికి అది కారణంగా పనికొస్తుంది, అంతవరకే. ఆ వెతుకులాటలో పడి హైదరాబాద్ తిరగడం కంటే పాప స్కూలు ఫీజు సంగతి ముందు చూడండి.

ఇక లాయర్ విషయం. మిమ్మల్ని మూడు చోట్ల నుంచి తిప్పి పంపారు. ఆ మూడు చోట్లా ఎవరో ఒకరు చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయం ఎంతన్న లెక్క లేదు. మీ కోడలి పదకొండు వేల జీతం అడ్డు కాదు, అది యాభై వేలైనా అడ్డు కాదు. ఉమ్మడి కృష్ణా జిల్లాకు కేంద్రం మచిలీపట్నం కదా, అక్కడిదాకా పోవాలేమోనని అనుకోకండి. విజయవాడ కోర్టుల ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీ ఆఫీసు ఉంది. మీరు వెనక్కి తిరిగొచ్చిన ఆ గేటు దాటి లోపలికెళ్ళి “న్యాయ సేవా కమిటీ ఎక్కడ?” అని అడిగితే చూపిస్తారు. తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. రాయడం కుదరకపోతే అక్కడుండే పారా లీగల్ వాలంటీర్లు రాసిపెడతారు. లాయర్ ఫీజు, కోర్టు ఫీజు, టైపింగ్ ఖర్చులు అన్నీ సంస్థే పెట్టుకుంటుంది. ఖర్చులకని ఎవరైనా చెయ్యి చాపితే ఇవ్వకండి, ఆఫీసులోనే చెప్పేయండి.

ఉచితంగా వచ్చే లాయర్ సరిగ్గా పట్టించుకోడని మీ పెద్దమ్మాయి అందట. కొంత నిజం లేకపోలేదు. ప్యానెల్ లాయర్లు అంటే అదే కోర్టులో ప్రాక్టీసు చేసుకునే లాయర్లే. వాళ్ళలో శ్రద్ధగా చేసేవాళ్ళున్నారు, వాయిదాకి జూనియర్‌ని పంపి చేతులు దులుపుకునేవాళ్ళున్నారు. నలభై వేలిచ్చి పెట్టుకున్న లాయర్లలోనూ ఈ రెండు రకాలూ కనిపిస్తారు. అందుకని కేసు నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, పోయినసారి ఏం జరిగిందో ఫోన్‌లోనే కనిపిస్తుంది. లాయర్ వరసగా రాకపోతే మార్చమని కమిటీకి అర్జీ పెట్టొచ్చు. మారుస్తారు. ఇంకో సంగతి, ఫ్యామిలీ కోర్టులో లాయర్ తప్పనిసరి కాదు. 1984 నాటి ఆ చట్టంలోనే, కక్షిదారులు తమ మాట తామే చెప్పుకోవచ్చనే ఉద్దేశం ఉంది. అయినా మొదటి పిటిషన్ లాయర్ చేత రాయించుకోవడమే మంచిది.

పిటిషన్ ఇంగ్లీషులో ఉంటుంది. సంతకం పెట్టేముందు ప్రతి పేరానూ తెలుగులో చదివి చెప్పమని మీ కోడలు అడగాలి. సిగ్గుపడకూడదు. ముఖ్యంగా డీవీసీ అయితే ప్రతివాదుల జాబితా చూసుకోవాలి. అలవాటు కొద్దీ భర్తతోపాటు అత్త, ఆడబిడ్డలు, వాళ్ళ మొగుళ్ళ పేర్లు కూడా చేర్చేస్తుంటారు. మీ పేరు అందులో పడితే కోడలికి అండగా ఉన్న ఒక్క మనిషీ ఎదుటి పక్షం అయిపోతుంది. మీ కూతుళ్ళు రాద్ధాంతం చేస్తారు. ఇల్లు మీదైనప్పుడు, ఉత్తర్వు కోసం ఇంటి యజమానిగా మీ పేరు ఉండాలని లాయర్ అనొచ్చు. అలాగంటే ఎందుకో వివరంగా చెప్పమనండి. మీకు కూడా విడిగా న్యాయ సలహా అడిగే హక్కుంది, మీరూ ఆడవాళ్ళే. ఇద్దరికీ ఒకే లాయర్ మాత్రం వద్దు. ఈరోజు మీ ఇద్దరి మాటా ఒకటే, మంచిదే. రేపు ఇంటి విషయంలో మీ ఆలోచన వేరుగా ఉంటే ఆ లాయర్ ఎవరి పక్షాన ఉంటాడు?

కేసు దాకా పోకుండా ఒక ప్రయత్నం చేయొచ్చు. అదే కమిటీ దగ్గర, కేసు వేయకముందే రాజీ ప్రయత్నం చేయమని దరఖాస్తు పెడితే వాళ్ళు మీ అబ్బాయిని నోటీసిచ్చి పిలుస్తారు. పెద్దమనుషుల పంచాయతీకి రానివాడు కోర్టు ఆవరణ నుంచి కాగితం వస్తే కాస్త ఆలోచిస్తాడు. పోలీసుల ప్రమేయం ఉండదు కాబట్టి మీ మనసుకీ నెమ్మది. ఇబ్బందులు రెండు. అతను రాకపోతే బలవంతంగా రప్పించలేరు, ఆ నెలలు పోయినట్టే. వచ్చి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే, ఆ అవార్డు (అక్కడిచ్చే తీర్పు) మీద అప్పీలుండదు. అందుకని ఆ పూట తొందరపెట్టినా సరే, అంకెలు చూసుకోకుండా ఒప్పుకోకూడదు. నన్నడిగితే దీనికి ఒక్క పిలుపు వరకు అవకాశమిచ్చి, రాకపోతే మనోవర్తి పిటిషన్ వేసేయడం మేలు. ఎందుకంటే 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు మనోవర్తిని పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలని చెప్పింది. డబ్బు ఆపేసి ఏడాదిన్నర అయింది. ఆ పాత నెలలు రావు. ఇకమీద ఆలస్యం చేసే ప్రతి నెలా కూడా అంతే.

ఆ తీర్పులోనే ఇంకోటి ఉంది. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు, ఖర్చులు చూపిస్తూ అఫిడవిట్ ఇవ్వాలి. “నాకు జీతమే లేదు” అని నోటితో చెప్పి తప్పించుకోవడం మునుపటంత తేలిక కాదు. అతను పనిచేసే చోటి పేరు, డబ్బు పంపిన నెలల ఫోన్‌పే మెసేజ్‌లు, కోడలి పాస్‌బుక్కు, పాప ఫీజు రసీదులు, మీ మందుల ఖర్చుకి అతను ఎప్పుడైనా పంపిన లెక్కలు, ఏవి దొరికితే అవి ఒక కవరులో వేయండి. కేసు తేలేలోపు మధ్యంతర మనోవర్తి అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, దాన్ని తేల్చాలని చట్టం అంటుంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్నచోటే నెలలు గడిచిపోతుంటాయి. నోటీసు అందకపోవడం వల్లే సగం ఆలస్యం జరుగుతుంది కాబట్టి అతని ఇంటి అడ్రసు, పనిచేసే చోటి అడ్రసు రెండూ సరిగ్గా ఇవ్వండి.

హైదరాబాద్ కోర్టు బెదిరింపు సంగతి. హిందూ వివాహ చట్టం ప్రకారం భర్త విడాకుల కేసు వేయాలంటే పెళ్ళి జరిగిన చోటగానీ, భార్య ఉంటున్న చోటగానీ, ఇద్దరూ చివరిగా కలిసి కాపురం చేసిన చోటగానీ వేయాలి. పెళ్ళి తెనాలిలో. కాపురం సింగ్‌నగర్‌లో. భార్య ఇప్పటికీ అక్కడే. మీరు రాసినదాని ప్రకారం ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఒక్కరోజు కూడా కాపురం చేయలేదు. మరి హైదరాబాద్‌కి ఏ లెక్కన వస్తుంది? భార్యకు మాత్రం తాను ఉంటున్న చోట వేసుకునే వీలు చట్టంలో విడిగా ఉంది. అయినా అతను అక్కడ వేశాడే అనుకోండి, నోటీసు వస్తే పక్కన పడేయొద్దు. వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే ఆమె మాట వినకుండానే, తేల్చేసే ప్రమాదం ఉంది. ఈ కోర్టుకి అధికారం లేదని లాయర్ ద్వారా చెప్పించాలి. రెండు రాష్ట్రాలు అయ్యాక, అక్కడి కేసుని ఇక్కడికి మార్చాలంటే సుప్రీంకోర్టుకే వెళ్ళాలి. దానికీ ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఆ కాగితాల గురించి. మొదట, అవి ఏం కాగితాలో చూడండి. స్టాంపు పేపరు మీద ‘విడాకుల ఒప్పందం’ అని రాసుకుంటే విడాకులు అయిపోవు. ఇద్దరి అంగీకారంతో విడాకులంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కోర్టులో వేయాలి, మామూలుగా ఆరు నెలల తర్వాత మళ్ళీ ఇద్దరూ వచ్చి మాట నిలబెట్టుకోవాలి. 2017 నుంచి కొన్ని కేసుల్లో ఆ ఆరు నెలల్నీ కోర్టు తగ్గిస్తోంది. డిక్రీ వచ్చేలోపు ఇష్టం లేదని వెనక్కి తగ్గొచ్చు. కాబట్టి సంక్రాంతినాడు హడావిడిలో ఎక్కడైనా సంతకం పెట్టేసి ఉన్నా కొంప మునిగిపోదు. ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టకూడదు.

రెండు లక్షల లెక్క కూడా చూద్దాం. పాపకు ఏడేళ్ళు. పద్దెనిమిది నిండటానికి పదకొండేళ్ళు, అంటే 132 నెలలు. రెండు లక్షల్ని పంచితే నెలకు 1,515 రూపాయలు. అందులో భార్యకు పైసా లేదు. పైగా పెళ్ళికాని కూతురు తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే పద్దెనిమిది దాటినా తండ్రే పోషించాలని హిందూ దత్తత, మనోవర్తుల చట్టం చెబుతుంది. “ఇకమీద ఏమీ అడగను” అని తల్లి రాసిచ్చినా పాపకున్న హక్కు పోదు. విడాకులు తీసుకోవడం తప్పని నేననడం లేదు. ఆ అమ్మాయికి 29 ఏళ్ళు. ఆమెకే విముక్తి కావాలనిపించొచ్చు, అడిగి చూడండి. అలాగైతే పాప పేరున డిపాజిట్, నగలు, తనకు ఒకేసారి ఇచ్చే భరణం అన్నీ పిటిషన్‌లోనే రాయించి, రెండోసారి కోర్టుకి వచ్చేలోపు డబ్బు జమ అయ్యేలా చూసుకోవాలి. ఇప్పుడే తేల్చుకోలేకపోతే తేల్చుకోనక్కర్లేదు. విడాకుల మాట ఎత్తకుండానే మనోవర్తి అడగొచ్చు.

ఇల్లు. “నా పేరునే ఉంది, పన్ను రసీదు నా పేరున వస్తుంది” అని రాశారు. ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పన్ను రసీదు మీద పేరుంటే ఇల్లు మీదైపోదు. మీవారు పోయాక కార్పొరేషన్‌లో పేరు మార్పించుకుని ఉంటారు, చాలామంది అంతటితో ఆగిపోతారు. రిజిస్టరైన దస్తావేజు తీసి చూడండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీయించండి. దస్తావేజు మీ పేరుతో ఉంటే ఇల్లు పూర్తిగా మీదే. మీరుండగా కొడుక్కి అందులో వాటా లేదు, మీ సంతకం లేకుండా అమ్మలేడు. దస్తావేజు మీవారి పేరుతో ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, అప్పటికి మీ అత్తగారు లేకపోతే, మీకూ ముగ్గురు పిల్లలకీ తలా నాలుగో వంతు. అప్పుడు అతను భాగం పంచమని దావా వేయగలడు. మొత్తం ఇల్లు అమ్మడం అప్పుడు కూడా అతని ఒక్కడి వల్ల కాదు.

కోడలికి ఆ ఇంట్లో ఉండే హక్కుంది. 2020లో సుప్రీంకోర్టు, అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా ఆమె కాపురమున్న ఇల్లయితే గృహహింస చట్టం కింద నివాస హక్కు అడగొచ్చని చెప్పింది. అది ఉండే హక్కు మాత్రమే, ఇంటి మీద వాటా కాదు. మీ కూతుళ్ళకి ఈ తేడా చెప్పండి, వాళ్ళ భయం సగం తగ్గుతుంది. ఆర్డీవో దగ్గర పెట్టమంటున్న అర్జీ 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కిందది. పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులు అడుక్కోవాల్సిన గతి పట్టకూడదని చేసిన చట్టం అది. దాన్ని అడ్డం పెట్టుకుని కోడలి నివాస హక్కును తుడిచేయడం కుదరదని కూడా సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో బెంగళూరు కేసొకదాన్లో చెప్పింది. తమాషా ఏమిటంటే, ఆ చట్టం కింద కొడుకు మీదే మీరు పోషణ అడగొచ్చు. మీకు పింఛను ఉంది కాబట్టి నేను ఇప్పుడు ఆ సలహా ఇవ్వను. అతని జీతంలోంచి వచ్చేది ముందు పాపకు రావడం ముఖ్యం.

ఇల్లు మనవరాలి పేరున గిఫ్టు రాసేయనా అన్నారు. వద్దు. గిఫ్టు రిజిస్టరైన రోజు నుంచి ఇల్లు మీది కాదు. వీలునామా రాయండి, బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయిస్తే మంచిది. ఇల్లు ఎవరికి రాస్తారన్నది మీ ఇష్టం.

సాక్ష్యం చెప్పొచ్చు, ఏ అడ్డూ లేదు. కోడలి తరఫున అత్తగారు నిలబడి “వీడు ఏడాదిన్నరగా పైసా పంపలేదు” అంటే ఆ మాటకి చాలా విలువుంటుంది. దానికి మీరు చెల్లించాల్సింది కూడా ఉంది. మీ అబ్బాయి కొన్నేళ్ళు మీతో మాట్లాడకపోవచ్చు. కూతుళ్ళ రాకపోకలు తగ్గొచ్చు. బోనెక్కడం మీ వల్ల కాదనిపిస్తే, కాగితాలు సమకూర్చి, వాయిదాల రోజు పాపను చూసుకోండి. కేసులో సాక్షి లేకపోయినా మెసేజ్‌లు, పాస్‌బుక్కు చాలావరకు పని జరిపిస్తాయి. ఇప్పుడే తేల్చుకోవాల్సిన విషయం కాదిది, సాక్ష్యం దశ రావడానికి టైముంది.

సాక్ష్యం అనుకుంటే ముందు సర్దుకోవాల్సింది ఒకటుంది. కోడలి ఎనిమిది కాసుల బంగారంలో నాలుగు మీ చిన్నమ్మాయి పెళ్ళికి వాడామని, మిగతా నాలుగు కొడుకు తాకట్టు పెట్టాడని రాశారు. కొడుకు నాలుగు కాసుల గురించి నాలుగు లైన్లు రాసి, మీరు వాడిన నాలుగింటినీ ఒక్క ముక్కలో దాటేశారు. అది ఆమె స్త్రీధనం, అంటే ఆమె సొంత ఆస్తి. డీవీసీలో నగల జాబితా వేయాల్సి వస్తుంది, అందులో అబద్ధం రాయమని ఆమెకు చెప్పలేం. ఎదుటి లాయర్ మిమ్మల్ని మొట్టమొదట అడిగేదీ అదే. చిన్నమ్మాయి “కోడల్ని పుట్టింటికి పంపేయ్” అనడానికి ఇది కూడా ఒక కారణమేమో ఆలోచించండి. ఈలోపు, ఇంత బంగారం బాకీ ఉన్నామని ఒక కాగితం రాసి ఇవ్వండి. పింఛనులోంచి నెలకింత అని చీటీ వేసైనా, చిన్నమ్మాయి చేత కొంత ఇప్పించైనా తీర్చండి. కోర్టు చెప్పకముందే మీరు ఇస్తే ఆ ఇంట్లో లెక్కే మారిపోతుంది.

కోడలికి షాపులో సెలవు మంగళవారమని రాశారు. ఆరోజు కోర్టు ఆఫీసులు పనిచేస్తాయి, జీతం కోతా పడదు. ఆధార్ కాపీలు, పెళ్ళి ఫొటో, పాప జనన ధృవీకరణ, ఇందాక చెప్పిన కవరు తీసుకుని ఉదయం పదిన్నరకల్లా వెళ్ళండి. సింగ్‌నగర్ నుంచి సిటీ బస్సులో ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్ డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. గేటు దగ్గర ఎవరు పలకరించినా “కమిటీకి వెళ్తున్నాం” అనండి, అంతకుమించి మాట్లాడొద్దు. ఆఫీసులో అడగాల్సింది రెండే ముక్కలు: ఫ్యామిలీ కోర్టులో మనోవర్తి పిటిషన్‌కి ప్యానెల్ లాయర్ కావాలి, అంతకుముందు మా అబ్బాయిని ఒకసారి రాజీకి పిలవండి. దరఖాస్తు తీసుకున్నట్టు కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఎవరైనా మళ్ళీ తిప్పి పంపితే అక్కడే నిలబడి 15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ సొంత నంబరే. ఈలోపు మీ అబ్బాయి సంతకాల కోసం ఫోన్ చేస్తే, కాగితాలు లాయర్ చూస్తున్నారని చెప్పి పెట్టేయండి.